వియ్యాలవారి బట్ట

వేట ఆగిన ఆ వేసవిలో మా ఇంటి ముందు కారు ఆగితే ఊరంతా గుమ్మాల్లోకి వచ్చింది. వేట ఉన్న రోజుల్లో ఎవరింటికి ఎవరొచ్చారో చూసే తీరిక మా మొగపేటలో ఎవరికీ ఉండదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వాళ్ళు బోట్లు ఒడ్డెక్కించేశాక మాత్రం మగవాళ్ళకి వలలు బాగుచేసుకోవడం, ఆడవాళ్ళకి ఆ మగవాళ్ళని భరించడం తప్ప వేరే పనుండదు. కారులోంచి దిగింది సుహాసిని మేడమ్. మా మరిది వినోద్‌కి యూనివర్సిటీలో పాఠాలు చెప్పినావిడ.

వినోద్ పోయి రెండేళ్ళవుతోంది. ఊళ్ళ మధ్య తగువులు ఎలా తీరతాయో చదవడానికి ఎం.ఏ.లో చేరినవాడు, సెలవులకి ఇంటికొచ్చి, మా ఊరి తగువులోనే పోయాడు. అతని పేరు మీద ఆ చదువు చదివే పిల్లలకి ఏటేటా ఓ పురస్కారం ఇస్తామని యూనివర్సిటీ వాళ్ళు పెట్టారు. నిరుడు ఎవరో కర్నూలు అబ్బాయికి ఇచ్చారు. మా వాళ్ళెవరూ వెళ్ళలేదు.

"ఈసారి మీరే రావాలమ్మా. తల్లి చేతుల మీదుగా ఇస్తే బాగుంటుంది," అంది మేడమ్.

మా అత్త అసిరమ్మ గుమ్మం పక్కన కూర్చుని ఎండు నెత్తళ్ళకి తలలు తుంచుతోంది. తలెత్తలేదు.

"ఏటికిస్తారమ్మా అది?"

"సంఘర్షణ పరిష్కారం మీద మంచి పరిశోధన చేసినవాళ్ళకి."

"అంటే?"

"అంటే... తగువులు తీర్చడం గురించి రాసినవాళ్ళకి."

"తీరినాయేటి?"

మేడమ్ మంచి మనిషి. ఆ మాటకి నవ్వలేదు, పాఠమూ చెప్పలేదు. "ఈ యేడు మీ పక్క ఊరి అమ్మాయికే వచ్చిందమ్మా. గుల్లదిబ్బ. అనూరాధ అని. వినోద్‌కి జూనియర్," అంది.

నేను టీ గ్లాసు అందిస్తున్నదాన్ని అలాగే నిలబడిపోయాను.

"ఎవలి కూతురే?" అత్త అడిగింది మేడమ్‌ని కాదు, నన్ను. తెలియక కాదు. నా నోటితో చెప్పించాలని.

"మా అన్నయ్య కూతురత్తా."

మేడమ్ మొహం పాలిపోయింది. పాపం, ఆవిడకి ఊరి పేరు తెలుసు గానీ చుట్టరికం తెలియదు. గుల్లదిబ్బ నా కన్నవారి ఊరు. రెండూళ్ళకీ మధ్య సముద్రంలో కలిసే ఒక గెడ్డ, చిన్న ఏరు, అంతే. ఆ ఊరి వాళ్ళు ఒడ్డు దగ్గర రింగువల వేసి చేపల గుంపుని గుంపుగా చుట్టేస్తే, మామూలు వలలవాళ్ళం మాకు తోకలు కూడా దక్కవని మా ఊరి గొడవ. ఒక తెల్లవారుజామున బోట్ల మీద మాటా మాటా పెరిగింది. సర్దిచెబుతానని వినోద్ తన అన్నతో, అంటే నా మొగుడితో, కలిసి బోటెక్కాడు. గుల్లదిబ్బ బోటొకటి తిరిగి వచ్చి మా బోటుని గుద్దింది. వినోద్ రెండు బోట్ల మధ్య పడ్డాడు. ఆ గుద్దిన బోటు మా అన్నయ్య తిరుమలరావుది. కేసులో మొదటి ముద్దాయి అతనే.

ఆ తర్వాత రెండూళ్ళూ కట్టు పెట్టుకున్నాయి. రాకపోకలు లేవు, మాటల్లేవు, పెళ్ళికీ చావుకీ పిలుపుల్లేవు. మొగపేట కోడళ్ళలో గుల్లదిబ్బ ఆడపిల్లలం చాలామందిమే ఉన్నాం. మమ్మల్ని ఎవరూ ఒక మాట అడగలేదు. ఒక్క పూటలో మా అందరికీ కన్నవారిల్లు లేకుండా పోయింది. సాయంత్రం గెడ్డ ఒడ్డుకి పుల్లలకి వెళితే అవతల నా చిన్ననాటి స్నేహితురాళ్ళు కనిపిస్తారు. వాళ్ళూ చూస్తారు. చూసి తల తిప్పుకుంటాం. అంతకంటే సిగ్గుమాలిన పని నా బతుకులో చెయ్యలేదు.

అత్త చేటలో నెత్తళ్ళు సర్దుకుని లేచింది.

"వస్తాను," అంది.

*

కులపెద్ద జగన్నాధానికి ఈ కబురు పండగలా వినిపించింది. మర్నాడు పొద్దున్నే సరుగుడు చెట్ల నీడలో నా మొగుడు పోలారావు వల బాగుచేసుకుంటుంటే వచ్చి పక్కన చతికిలబడ్డాడు. నేను అంబలి ముంత పట్టుకెళ్ళి అక్కడే ఉన్నాను.

"ఒరే పోలీ, ఇంతకంటే మంచి సమయం దొరకదురా. ఆ తిరుమలరావు కూతురు గుంట స్టేజీ ఎక్కుతాది, మీ యమ్మ బహుమతి ఇస్తాది, పదిమందీ సూస్తారు. అక్కడితో రాజీ అయిపోనాదనుకో, రెండూళ్ళూ బాగుపడతాయి. కోర్టులో నువ్వు ఒక్క మాటంటే సాలు. ఆ గలాటాలో బోటు ఎవలు తిప్పినారో కనపడనేదని."

"కనపడింది మావా."

"కనపడిందిరా. నేదన్నానేటి? కనపడనేదని సెప్పమంటన్నాను."

పోలారావు దారం పంటితో తెంపి ఊసేశాడు. ఆ బోటులో బతికి బయటపడ్డది అతనే. తమ్ముడి చెయ్యి పట్టుకున్నదీ, జారిపోతే చూసిందీ అతనే. కేసంతా అతని మాట మీదే నిలబడి ఉంది. జగన్నాధం చెడ్డవాడని నేననను. ఎప్పుడు ఎవరి బోటు ఎవరు తగలేస్తారో అని రాత్రిళ్ళు నిద్రలేని మనిషి. కానీ ఊరి బాగు కోసం మనిషి కళ్ళు మూసుకోవాలంటే, ఆ మూసుకునే కళ్ళు ఎప్పుడూ పక్కవాడివే అవుతాయి.

ఆ సాయంత్రం పోలారావు అన్నం కలుపుతూ అన్నాడు:

"మీ అన్న కూతురికి మా తమ్ముడి పేరున బహుమతి. బాగుందిలే."

"నన్నేటి సెయ్యమంటావు?"

"నిన్నేటీ అననేదే."

"రెండేళ్ళ నించీ ఏటీ అనట్లేదు. అదే సంపుతన్నాది నన్ను."

అతను కంచం జరిపి లేచిపోయాడు. కొట్టే మొగుడితో వేగవచ్చు, తిట్టే మొగుడితో వేగవచ్చు. ఏమీ అనని మొగుడితో వేగడం నేర్పేవాళ్ళు ఎవరూ లేరు.

*

అనూరాధ నాకు ఫోన్ చేస్తుంది. ఊరి కట్టు గెడ్డకే గానీ టవరుకి లేదు కదా. నేను దాచి మాట్లాడతాను. దాస్తున్నానని అత్తకి తెలుసు. తెలుసని నాకూ తెలుసు. అలా నడుస్తోంది.

"అత్తా, సభలో ముందు మీ అత్తకి నేను శాలువా కప్పాలంట. తరవాత ఆవిడ నాకు బహుమతి ఇస్తాదంట. శాలువా అంటే శాలువా కాదు, మన జిల్లా పేరు నిలబడాలని పొందూరు ఖద్దరు తెచ్చినారు. తెల్లది."

నేను ఫోను పట్టుకుని పెరట్లోకి నడిచాను.

మా వాళ్ళలో చావు జరిగిన ఇంటికి పెద్దకర్మ నాడు వియ్యాలవారు కొత్త తెల్లబట్ట తేవాలి. తెచ్చి ఆ ఇంటి పెద్ద భుజం మీద వెయ్యాలి. మామ లేని మా ఇంట్లో ఆ పెద్ద అత్తే. అది పడితేనే మైల తీరినట్టు. తగువున్న ఇంటి నుంచి వచ్చిన బట్ట భుజాన వేయించుకుంటే ఆ తగువూ అక్కడితో సరి, ఇక ఎత్తకూడదని పెద్దలు చెబుతారు. వినోద్ పెద్దకర్మకి బట్ట తేవాల్సిన వియ్యాలవారు మా కన్నవారే. మా అన్నయ్య అప్పుడు జైల్లో ఉన్నాడు. బెయిలు మీద వచ్చేసరికి ఊళ్ళ కట్టు అడ్డం నిలిచింది. బట్ట రాలేదు.

కోటబొమ్మాళి సంతలో మా అత్త గొంతు విని చేపలు కొనేవాళ్ళు ఉండేవారు. తూకం దగ్గర పేచీ పెట్టినవాణ్ణి వాడి తాత పేరుతో సహా కడిగేసేది. ఆ మనిషి వినోద్ పోయిన నాటి నుంచి నెత్తిన తట్ట ఎత్తలేదు. ఒక శుభకార్యానికి వెళ్ళలేదు, ఒక పండగ చెయ్యనివ్వలేదు. తట్ట అటక మీద బోర్లించి ఉంది. ఆవిడ లెక్కలో మా ఇంట్లో మైల ఇంకా తీరలేదు.

"ఒలే, అది శాలువా అవదే. ఏటవుతాదో నీకు తెల్దా?"

"తెలుసత్తా. మన ఊళ్ళ గురించే కదా నేను రాసింది."

"మేడమ్‌కి వద్దని సెప్పీ."

"ఎందుకు? ఆ బట్ట మీ ఇంటికి ఇంకెలాగొస్తాది? మా నాన్న తెస్తాడేటి? లాయరు తేనిస్తాడేటి? బట్ట తీసుకెళితే తప్పు ఒప్పుకున్నట్టేనంటన్నాడు. వినోద్ మావ నన్ను ఈ సదువులో సేరమన్నాడత్తా. ఫారం తనే నింపినాడు. నేనేం పట్టుకుని ఆ స్టేజీ ఎక్కాల?"

నాకూ ఆశ పుట్టింది. ఆ బట్ట ఆవిడ భుజాన పడితే, పదిమందిలో పడితే, నేను గెడ్డ దాటవచ్చు. మా వాకిట్లో కూర్చోవచ్చు. అంతే నాకు కావలసింది. మిగతా న్యాయాలూ ధర్మాలూ పెద్దవాళ్ళు చూసుకుంటారు అనుకున్నాను. కానీ అత్తని తెలియని చోట నిలబెట్టడానికి మనసొప్పలేదు. సభ రోజున బస్సులో పక్కన కూర్చుని అంతా చెప్పేశాను.

ఆవిడ కిటికీలోంచి జీడితోటలు చూస్తూ కూర్చుంది. వింది.

*

హాలులో ఏసీ చలికి అత్త కొంగు నిండా కప్పుకుంది. స్టేజీ మీద వినోద్ ఫొటో, దానికి చేమంతుల దండ. ఎక్కడి నుంచో వచ్చిన పెద్దాయన శాంతి గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆయన మాటల్లో ఎక్కడా సముద్రం లేదు, చేప లేదు. పోలారావు కూర్చోమన్నా కూర్చోకుండా వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

అనూరాధని పిలిచారు. పసుపుపచ్చ చీరలో, చిక్కిపోయి, తలవంచుకుని వచ్చింది. నా చేతుల్లో పెరిగిన పిల్లని రెండేళ్ళ తర్వాత అంత దగ్గరగా చూసి నేను ఏడవకూడదనుకుంటూనే ఏడ్చాను. అది పళ్ళెంలోంచి తెల్లబట్ట తీసి మడత విప్పింది. రెండు చేతులా పట్టుకుని అత్త ముందుకి వంగింది.

అత్త దాని మణికట్టు పట్టుకుంది. గట్టిగా కాదు. గిన్నె దింపుతుంటే చెయ్యి కాలుతుందని చిన్నపిల్లని ఆపినట్టు ఆపింది. మైకు దగ్గరే ఉంది గనక ఆవిడ మెల్లగా అన్నదీ అందరికీ వినబడింది.

"బహుమతి నీ సదువుకి. నా కొడుకు పేరు దాని మీద ఉన్నాది. తీసుకో. బాగా సదువుకో." జ్ఞాపిక తీసి దాని చేతిలో పెట్టింది. "బట్ట మాత్రం ఆడపిల్ల తెచ్చేది కాదు. మీ అయ్యని తెమ్మను."

హాలంతా చప్పట్లు. తల్లి నిరాడంబరంగా సత్కారం వద్దందని వాళ్ళనుకున్నారు. మేడమ్ కళ్ళు తుడుచుకుంది. ఆ హాలులో అసలు సంగతి తెలిసినవాళ్ళం నలుగురమే. నేను, అత్త, బట్ట పట్టుకుని నిలబడిపోయిన అనూరాధ, వెనక గోడ దగ్గర పోలారావు. నేను తిరిగి చూసేసరికి గోడ దగ్గర ఎవరూ లేరు.

*

ఆ ఒక్క మాట రెండూళ్ళనీ కుదిపేసింది. బట్ట తెమ్మందంటే రాజీకి ఒప్పుకున్నట్టేనని జగన్నాధం ఇంటింటికీ చెప్పుకొచ్చాడు. పోలారావు తల్లి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఆడి సేత బట్ట ఏయించుకుంటావేటమ్మా? ఏయించుకుంటే నాను కోర్టులో ఏటి సెప్పాల?"

"నువ్వు వల సూసుకో."

"నా సేతిలోంచి జారిపోనాడమ్మా ఆడు!"

"నాకు తెల్దేటిరా," అంది అత్త. లోపలికి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. ఆ పూట ఎవరమూ తినలేదు.

రోజులు గడిచాయి. మా అన్నయ్య రాలేదు. జీడిపండ్లు రాలి కుళ్ళిన వాసన ఊరంతా పట్టేసింది. ముంజలు అయిపోయాయి. వడగాలికి మనుషులు ఒకరి మీద ఒకరు విసుక్కోవడం మొదలెట్టారు. ఫోన్‌లో అనూరాధ ఏడుస్తుంది. "నాన్న ఆ బట్ట ఎదురుగా పెట్టుకుని కూకుంటాడత్తా. తాకడు, తియ్యనివ్వడు. లాయరొచ్చి గదమాయించి ఎల్లినాడు." నాకు జాలి వెయ్యలేదు. కోపం వచ్చింది. నన్ను భుజాన మోసి సముద్రం చూపించినవాడు ఇంత పిరికివాడని నాకు తెలియదు. ఒక బట్ట పట్టుకుని ఒక గెడ్డ దాటలేనివాడికి బోటెందుకు, మీసమెందుకు అనుకున్నాను. రోజూ సాయంత్రం గెడ్డ ఒడ్డుకి వెళ్ళి చూసి, తిట్టుకుంటూ తిరిగొచ్చేదాన్ని.

ఆ రాత్రితో వేట నిషేధం తీరుతుందనగా ఊరు కళకళలాడింది. బోట్లకి కొత్త రంగులు వేశారు, ముక్కులకి పసుపు రాశారు. గంగమ్మకి మొక్కులు కడుతున్నారు. ఎండ నెత్తి మీదికొచ్చిన వేళ, బోట్ల దగ్గర మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. నేను వాకిట్లోకి వచ్చాను.

మా అన్నయ్య గెడ్డలో నడిచి వస్తున్నాడు. పోటు నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. బట్ట తడవకుండా రెండు చేతులా తల మీదికెత్తి పట్టుకున్నాడు. ఒంటరిగా వచ్చాడు. సగం తెల్లబడిన జుట్టు. మీసం లేదు. తీసేశాడు.

మగవాళ్ళు లేచి నిలబడ్డారు. పోలారావు చేతిలో రంగు డబ్బా ఉంది. అది కింద పెట్టి దారికి అడ్డంగా వచ్చాడు.

"ఒలే భవానీ," అంది అత్త లోపల్నుంచి. "ఏటి సూస్తన్నావు? పీట ఎయ్యి."

పీట వేశాను. ఆవిడ వచ్చి కూర్చుంది. పోలారావు తల్లిని చూశాడు, ఒక్క అడుగు పక్కకి జరిగాడు. అన్నయ్య నీళ్ళోడుతూ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. బట్ట చేతుల్లోనే ఉంది.

"బోటు నానే తిప్పినానత్తా," అన్నాడు. "బెదిరిద్దామని తిప్పినాను. పక్కనించి ఎల్లిపోతాదనుకున్నాను. ఎల్లనేదు."

అత్త తల ఊపింది. వంగమన్నట్టు చెయ్యి ఊపింది. అన్నయ్య వంగి బట్ట ఆవిడ భుజం మీద వేశాడు. వేసి అక్కడే కాళ్ళ దగ్గర కూలబడి గోడుగోడున ఏడ్చాడు. అత్త కళ్ళలో నీళ్ళు లేవు. బట్ట అంచు వేళ్ళతో తడుముతూ చాలాసేపు కూర్చుంది.

జగన్నాధం గబగబా వచ్చాడు, మొహం వెలిగిపోతూ. "మంచి పని సేసినావసిరమ్మా. ఇంక తగువు తీరిపోనాది. కోర్టు సంగతి..."

"కోర్టు సంగతేటి?" అంది అత్త. "పోలి సూసింది సూసినట్టు సెప్తాడు."

"అదేటి! బట్ట ఏయించుకున్నాక మరి ఎత్తకూడదు కదా!"

"బట్ట సావుకి. ఏయించుకున్నాను. కేసు సంపినందుకి. దాని మీద బట్ట కప్పమని నాకెవలు సెప్పినారు?"

ఊరంతా అన్నయ్య వైపు చూసింది. మోసపోయానని లేచి వెళ్ళిపోతాడనే అనుకున్నారు అందరూ. నేనూ అనుకున్నాను. అన్నయ్య మొహం తుడుచుకున్నాడు.

"కేసు తియ్యమని నాను అడగనేదత్తా," అన్నాడు.

"ఐతే లే. కోడలా, మీ అన్నకి అన్నం ఎట్టు."

ఇంట్లో పచ్చి చేప లేదు. ఎండు నెత్తళ్ళ పులుసే ఉంది. అన్నయ్య తలెత్తకుండా తిన్నాడు. పోలారావు వాకిలి దాటి లోపలికి రాలేదు. బోటు దగ్గరికి వెళ్ళి, వేసిన రంగు మీదే మళ్ళీ రంగు వేస్తూ కూర్చున్నాడు. వియ్యాలవారి ఇంట్లో ఒక ముద్ద తిన్నంత మాత్రాన మా బావాబావమరుదులు కలిసిపోయారని నేను చెప్పను. ఆ రోజు మొహాలు చూసుకోలేదు. ఇప్పటికీ చూసుకోరు.

మర్నాడు తెల్లవారకుండానే బోట్లు వెళ్ళాయి. పొద్దెక్కేసరికి తిరిగొచ్చాయి. అత్త అటక మీంచి తట్ట దింపించి, బూజు దులిపి, కానాగంత చేపలు ఎత్తుకుని సంతకి బయలుదేరింది. గుమ్మం దగ్గర ఆగింది.

"నువ్వు మీ కన్నోరింటికి ఎల్లి రాయే. నాలుగు రోజులుండు. నానున్నాను కదా ఇక్కడ."

రెండేళ్ళుగా ఏ మాట కోసం ఎదురుచూశానో ఆ మాట. నేను కాళ్ళ మీద పడబోయాను. ఆవిడ తట్ట ఒక చేత్తో సర్దుకుంటూ, నా మొహంలోకి సూటిగా చూసింది.

"వాయిదా రోజుకి మాత్రం కోర్టులో మా పక్కన కూకోవాల."

"అలాగేనత్తా," అన్నాను.

పైకి అన్న మాట కాదది. ఆ రోజు అక్కడే కూర్చుంటాను. నా మొగుడు నోరు విప్పి నా అన్నయ్య పేరు చెబుతుంటే, ఆ పక్కనే కూర్చుని వింటాను. గెడ్డలోకి దిగేసరికి అవతలి ఒడ్డున అనూరాధ చీర ఎగ్గట్టుకుని నాకు ఎదురొస్తోంది. అంత సంతోషంలో ఎందుకేడుస్తున్నావత్తా అని అది అడుగుతూనే ఉంది.